చమురు బావి సిమెంట్ బలం పరీక్ష: స్లర్రీ కలపడం నుంచి సెల్ బిగించేదాకా

బావిలో కేసింగ్ (ఉక్కు గొట్టం) దించి, దాని వెనకాల సిమెంట్ పంపు చేశాక రిగ్ మీద అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఇంకెన్ని గంటలు ఆగాలి? ఆ గంటల లెక్క ల్యాబ్ ఇవ్వాలి. సిమెంట్‌కు 500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బలం వస్తే మళ్లీ డ్రిల్లింగ్ మొదలెట్టొచ్చన్నది ఈ పరిశ్రమలో చాలాకాలంగా నడుస్తున్న ఆనవాయితీ. తొందరపడితే షూ (కేసింగ్ అడుగు కొన) చుట్టూ సిమెంట్ చెదిరిపోతుంది. అవసరానికి మించి ఆగితే రిగ్ అద్దె ఊరికే పోతుంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో లోతు, వేడి, ఒత్తిడి మూడూ ఎక్కువగా ఉన్న బావుల్లో ఈ టెన్షన్ మరీ ఎక్కువ.

బలం నెంబర్ తేడాగా వస్తే అందరూ ముందు మెషీన్ వైపు చూస్తారు. నా ఉద్దేశంలో మెషీన్‌ను ఆఖర్న చూడాలి. గోనె సంచిలోంచి సిమెంట్ తీసిన క్షణం నుంచి సెల్ (స్లర్రీ నింపే పరీక్ష పాత్ర) మూత బిగించేదాకా జరిగే పనుల్లోనే నెంబర్ దాదాపు ఖరారైపోతుంది. ఈ మార్గదర్శి ఆ పనుల గురించి. పెట్రోలియం లేదా కెమిస్ట్రీ చదివి కొత్తగా సిమెంట్ ల్యాబ్‌లో చేరినవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఉదాహరణకు తీసుకున్నది చమురు బావుల్లో ఎక్కువగా వాడే క్లాస్ జి సిమెంట్. పద్ధతులు ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ప్రమాణాల ప్రకారం.

సివిల్ ల్యాబ్ అలవాట్లు

సివిల్ ల్యాబ్ నుంచి వచ్చినవాళ్లు ముందు కొన్ని అలవాట్లు పక్కన పెట్టాలి. అక్కడ ఒక పాలు సిమెంట్, మూడు పాళ్లు ఎన్నూరు ఇసుక కలిపి 70.6 మి.మీ. క్యూబ్ పోస్తారు. 3, 7, 28 రోజులకు పగలగొడతారు. ఇక్కడ ఇసుక లేదు, మోర్టార్ లేదు. వేళ్ల మధ్యనుంచి జారిపోయేంత పల్చటి స్లర్రీ (సిమెంట్, నీళ్ల మిశ్రమం), 2 అంగుళాల క్యూబ్, రోజుల బదులు గంటలు. క్లాస్ జి సిమెంట్ పాసవ్వాలంటే 8 గంటల్లో 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 2.1 మెగాపాస్కల్స్ (300 పీఎస్ఐ), 60 డిగ్రీల దగ్గర కనీసం 10.3 మెగాపాస్కల్స్ (1500 పీఎస్ఐ) రావాలి. గడువు 8 గంటలే కాబట్టి అరగంట ఆలస్యం, రెండు డిగ్రీల తేడా ఇక్కడ చిన్న విషయాలు కావు.

శాంపిల్ తీయడం

సైలో పైనుంచి ఒక చెంచా, అడుగునుంచి ఒక చెంచా తీసి కలిపితే శాంపిల్ అయిపోదు. బల్క్ సిమెంట్ ఒక ట్యాంకులోంచి ఇంకో ట్యాంకులోకి వెళ్తున్నప్పుడు, మొదట్లో, మధ్యలో, చివర్లో కొంచెం కొంచెం తీసుకోవాలి. సిలికా ఫ్లోర్ (మెత్తగా నూరిన సిలికా పొడి) గానీ, తేలికపాటి పదార్థాలు గానీ కలిపిన డ్రై బ్లెండ్ అయితే ఇంకా జాగ్రత్త. బరువైనవి, తేలికైనవి దారిలో కుదుపులకే విడిపోతాయి. డబ్బాలో వచ్చిన శాంపిల్ను నేరుగా తూయకుండా డబ్బాను బాగా దొర్లించి కలిపి, రిఫుల్ స్ప్లిటర్‌తో సగాలు చేసుకుంటూ కావాల్సినంతకు దించుకోవాలి.

తీసిన వెంటనే గాలి చొరబడని డబ్బాలోనో మందపాటి పాలిథీన్ కవర్‌లోనో పెట్టి సీలు వేయండి. గోదావరి జిల్లాల గాలిలో తేమ సంగతి తెలిసిందే. మూత సరిగ్గా పెట్టని సిమెంట్ కొద్ది వారాల్లోనే తేమ, కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మెత్తదనం పోగొట్టుకుంటుంది. డబ్బా మీద బావి పేరు, సైలో నెంబర్, లాట్, తీసిన తేదీ రాయాలి, మూత మీద రాయకూడదు. మూతలు తారుమారవుతాయి.

వాడే ముందు 850 మైక్రాన్ల జల్లెడలో జల్లించండి. ఒకటి రెండు ఉండలు పైన మిగిలితే పారేసి నోట్ చేసుకోండి. గుప్పెడు ఉండలు మిగిలితే ఆ శాంపిల్‌తో పరీక్ష చేయడమే దండగ, కొత్తది అడగండి.

నీళ్లకూ ఇదే పట్టింపు ఉండాలి. ప్రమాణాల ప్రకారం సిమెంట్ నాణ్యత తేల్చేటప్పుడు డిస్టిల్డ్ లేదా డీఅయనైజ్డ్ నీళ్లు వాడతాం. బావి కోసం డిజైన్ చేసేటప్పుడు మాత్రం రిగ్ దగ్గర వాడబోయే నీళ్లే తెప్పించాలి. కోనసీమ తీరం పక్కన బోరు నీళ్లలో ఉప్పు ఉంటుంది. కొద్దిపాటి క్లోరైడ్లు సిమెంట్ గట్టిపడటాన్ని తొందర చేస్తాయి. మీరు ల్యాబ్‌లో మంచినీళ్లతో చేసి "6 గంటల పంపింగ్ టైమ్" (స్లర్రీ గట్టిపడకుండా పంపు చేయగలిగే సమయం) అని రిపోర్టు ఇచ్చి, అక్కడ ఉప్పునీళ్లతో కలిపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

లెక్క

ఒక బ్యాచ్ అంటే 600 మి.లీ. స్లర్రీ. ఒట్టి క్లాస్ జి సిమెంట్‌కు నీళ్లు సిమెంట్ బరువులో 44 శాతం. 600 మి.లీ.కి 792 గ్రాముల సిమెంట్, 349 గ్రాముల నీళ్లు. ఈ రెండు నెంబర్లు కొన్నాళ్లకు నోటికొచ్చేస్తాయి. క్లాస్ హెచ్ (ఇంకో రకం బావి సిమెంట్) అయితే 860, 327.

అడిటివ్స్ (సిమెంట్ గుణాలు మార్చడానికి కలిపేవి) కలిపిన డిజైన్లకు లెక్క కట్టుకోవాలి. సూత్రం తేలికే. అన్నిటి బరువు కలిపితే మొత్తం బరువు, అన్నిటి ఘనపరిమాణం కలిపితే 600 మి.లీ. రావాలి. ఒక ఉదాహరణ చూద్దాం. వేడి బావికి సిమెంట్ బరువులో 35 శాతం సిలికా ఫ్లోర్ కలిపి 1.90 డెన్సిటీ స్లర్రీ కావాలి. 600 మి.లీ. మొత్తం బరువు 1140 గ్రాములు. సిమెంట్ సాంద్రత 3.15, సిలికాది 2.65 అనుకుందాం. ఒక గ్రాము సిమెంట్, దాంతోపాటు వచ్చే 0.35 గ్రాముల సిలికా కలిసి 1.35 గ్రాముల బరువు, 0.4495 మి.లీ. చోటు. ఈ రెండిటి తేడా 0.9005. మొత్తం బరువు 1140లోంచి మొత్తం ఘనపరిమాణం 600 తీసేస్తే 540. దాన్ని 0.9005తో భాగిస్తే సిమెంట్ దాదాపు 599.7 గ్రాములు. సిలికా 209.9. మిగతా 330.4 నీళ్లు. మూడూ కూడితే 1140 రావాలి, వచ్చింది. లిక్విడ్ అడిటివ్స్ ఉంటే వాటి బరువు, చోటు కూడా ఈ లెక్కలో కలపాలి. అంతమేరకు నీళ్లు తగ్గుతాయి. ఇది మర్చిపోతే స్లర్రీ పల్చబడి, బలం తగ్గిపోయి, ఎందుకు తగ్గిందో తెలియక రెండు రోజులు వెతుక్కోవాల్సి వస్తుంది.

లిక్విడ్ అడిటివ్ డోసు తరచుగా సాక్‌కు ఇన్ని గ్యాలన్లు అని ఇస్తారు. సాక్ అంటే 94 పౌండ్లు. సాక్‌కు ఒక గ్యాలన్ అంటే కిలో సిమెంట్‌కు 88.8 మి.లీ. అన్నమాట. పైన చెప్పిన 599.7 గ్రాముల సిమెంట్‌కు సాక్‌కు 0.1 గ్యాలన్ డోసు అయితే 5.3 మి.లీ. చిక్కటి లిక్విడ్లను పిపెట్‌తో కొలవకండి, గోడలకు అంటుకుని ఎప్పుడూ తక్కువే పడుతుంది. దాని సాంద్రతతో గుణించి గ్రాముల్లోకి మార్చి తూకం వేయండి.

తూకం, ఉష్ణోగ్రత

సిమెంట్, నీళ్లు అర గ్రాము అటూఇటూలో తూస్తే చాలు. రిటార్డర్ (గట్టిపడటాన్ని ఆలస్యం చేసే పదార్థం) విషయంలో ఆ ఉదారత పనికిరాదు. 600 గ్రాముల సిమెంట్‌కు 0.1 శాతం రిటార్డర్ అంటే 0.6 గ్రాములు. అక్కడ 0.1 గ్రాము తేడా వస్తే డోసు ఆరో వంతు మారిపోయినట్టు. గ్రాములో వందో వంతు చూపించే కాటా వాడండి. ఏసీ గాలి నేరుగా దాని మీద పడకుండా చూసుకోండి.

ప్రమాణం ప్రకారం కలిపేముందు సిమెంట్, నీళ్లు రెండూ 23 డిగ్రీల దగ్గర ఉండాలి, ఒక డిగ్రీ అటూఇటూ. మే నెలలో రాజమండ్రిలో స్టోర్ రూమ్‌లోంచి తెచ్చిన డబ్బా చేత్తో ముట్టుకుంటేనే వేడిగా ఉంటుంది. సిమెంట్ వేడిని అంత తొందరగా వదలదు. నీళ్లు ఫ్రిజ్‌లో చల్లబరిచి సరిపెట్టుకుందామనుకోవడం తప్పు. శాంపిల్ను ముందు రోజు సాయంత్రమే ఏసీ గదిలోకి తెచ్చి పెట్టుకోవడం ఒక్కటే మార్గం. రిగ్ దగ్గర వేడి సిమెంట్‌తోనే కలుపుతారు కాబట్టి ఆ పరిస్థితిని చూడాలనుకుంటే అది వేరే పరీక్షగా, రిపోర్టులో రాసి చేయండి.

మిక్సింగ్

ల్యాబ్‌లో బ్లెండర్ ముందు నిలబడేముందు ఎన్95 మాస్క్, కళ్లద్దాలు, గ్లౌజులు. సిలికా ఫ్లోర్ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు, సిలికోసిస్ అక్కడే మొదలవుతుంది. స్లర్రీ పీహెచ్ 12 పైనే. తడి సిమెంట్ చర్మం మీద కాసేపుంటే ముందు ఏమీ అనిపించదు, సాయంత్రానికి కాలినట్టు ఎర్రబడుతుంది.

బ్లెండర్ జార్ అడుగున ఉన్న బ్లేడ్ సంగతి చూడండి. సిమెంట్ దాన్ని రోజూ కొంచెం కొంచెం అరగదీస్తుంది. కొత్త బ్లేడ్ బిగించేటప్పుడే తూచి జార్ మీద రాసిపెట్టుకోండి. బరువులో పదో వంతు తగ్గితే మార్చేయాలి. అరిగిన బ్లేడ్ తక్కువ కోత పెడుతుంది, సిమెంట్ రేణువులు సరిగ్గా తడవవు, బలం నెమ్మదిగా వస్తుంది. ఎవరూ పట్టించుకోని ఈ చిన్న ముక్క వల్లే రెండు ల్యాబుల నెంబర్లు కలవకపోవడం సాధారణం.

క్రమం ఇలా:

1. జార్‌లో నీళ్లు పోసి, మోటార్‌ను 4000 ఆర్‌పీఎం దగ్గర తిప్పుతూ లిక్విడ్ అడిటివ్స్ వేయండి. రిగ్ మీద ఏ వరసలో వేస్తారో అదే వరస. డీఫోమర్ ముందు పడితే నురగ బెడద తగ్గుతుంది.
2. డ్రై అడిటివ్స్‌ను సిమెంట్‌లో ముందే పొడిగా కలిపి ఉంచుకోండి.
3. 4000 ఆర్‌పీఎం మీదే మొత్తం సిమెంట్‌ను 15 సెకన్లలోపు పోయాలి.
4. వెంటనే మూత పెట్టి 12,000 ఆర్‌పీఎంకి పెంచి 35 సెకన్లు తిప్పండి. ఒక సెకను అటూఇటూ.

ఈ నాలుగింటిలో కష్టమైంది మూడోది. 792 గ్రాములు 15 సెకన్లలో పోయాలంటే సెకనుకు 50 గ్రాముల పైనే. ఉప్మాలో రవ్వ పోసినట్టు ఒకే ధారగా, మధ్యలో ఆగకుండా, సుడి మధ్యలోకి పడాలి. సుడి పక్కన గోడ మీద పడితే అంటుకుని అక్కడే ఉండిపోతుంది. ఒక్కసారిగా కుమ్మరిస్తే సుడి మూసుకుపోయి పైన పొడి తేలుతుంది. వెడల్పాటి మూతి ఉన్న పాత్ర, లేదా మడిచిన మందపాటి కాగితం మీంచి పోస్తే చేతికి అదుపు ఉంటుంది. కొత్తవాళ్లు నాలుగైదు బ్యాచ్‌లు పోసి పారేసి చెయ్యి తిప్పుకున్నాకే అసలు పరీక్షకు దిగడం మంచిది.

చిక్కటి డిజైన్లలో 15 సెకన్లలో సిమెంట్ లోపలికి పోకపోవచ్చు. అప్పుడు పట్టిన సమయం నోట్ చేయండి, దాచకండి. ల్యాబ్‌లో 40 సెకన్లు పట్టిన స్లర్రీ రిగ్ మిక్సర్‌లోనూ మొండికేస్తుంది. ఆ సమాచారం ఇంజినీరుకు బలం నెంబర్‌తో సమానంగా అవసరం. 12,000 దగ్గర మోటార్ నిజంగా 12,000 తిరుగుతోందో లేదో కూడా చూడండి. స్లర్రీ బరువుకు కొన్ని పాత మోటార్లు తగ్గిపోతాయి.

బోలు గాజు గోళాలు కలిపిన తేలికపాటి స్లర్రీని 12,000 దగ్గర తిప్పకూడదు. గోళాలు పగిలి డెన్సిటీ పెరిగిపోతుంది. నురగ సిమెంట్‌కు మూసి ఉండే ప్రత్యేక జార్ కావాలి. నురగ సిమెంట్‌కు బలం కంటే ముందు నిలకడ చూడాలి. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో మకాండో బావి పేలి 11 మంది చనిపోయారు. తర్వాత అమెరికా అధ్యక్షుడు నియమించిన కమిషన్ ఆ బావిలో వాడిన నురగ సిమెంట్ లాంటిదాన్నే వేరే ల్యాబ్‌లో చేయిస్తే అది నిలకడగా ఉండలేదు.

డెన్సిటీ చూడకుండా ముందుకెళ్లొద్దు

కలిపిన స్లర్రీలో గాలి బుడగలు ఉంటాయి. మామూలు మడ్ బాలెన్స్ (డెన్సిటీ కొలిచే త్రాసు) వాటితో సహా తూచి తక్కువ చూపిస్తుంది. అందుకే ప్రెషరైజ్డ్ బాలెన్స్. కప్పును అంచుకు 6 మి.మీ. కిందివరకు నింపి, వాల్వ్ కిందికి తెరిచి ఉంచి మూత నొక్కండి. ఎక్కువైన స్లర్రీ వాల్వ్‌లోంచి పైకి చిమ్ముతుంది. వాల్వ్ పైకి లాగి మూసి, బయట కడిగి, మర మూత బిగించి, అదే స్లర్రీ నింపిన ప్లంజర్‌తో బలంగా నొక్కి ఇంకాస్త పంపు చేయండి. గాలి నొక్కుకుపోయాక తుడిచి తూకం చూడండి.

ఒట్టి క్లాస్ జి అయితే 1.90 చుట్టూ (15.8 పీపీజీ, అంటే గ్యాలన్‌కు పౌండ్లు) రావాలి. డిజైన్ నుంచి తేడా కనిపిస్తే అక్కడే ఆగి లెక్కనూ తూకాన్నీ మళ్లీ చూడండి. ఆ స్లర్రీతో క్యూబ్ పోసినా ఉపయోగం లేదు.

సిమెంట్ నాణ్యత పరీక్షకు కలిపిన వెంటనే అచ్చులో పోస్తారు. బావి డిజైన్‌కు మాత్రం స్లర్రీని అట్మాస్ఫియరిక్ కన్సిస్టోమీటర్‌లో 150 ఆర్‌పీఎం దగ్గర 20 నుంచి 30 నిమిషాలు తిప్పి, బావిలో పంపు అవుతున్న అనుభవం ఇచ్చి (దీన్నే కండిషనింగ్ అంటారు), ఆ తర్వాత పోయడం మంచిది. ఏది చేసినా రిపోర్టులో రాయండి.

క్యూబ్ అచ్చులు

అచ్చు ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీల్‌దో ఉండాలి. అల్యూమినియం వద్దు. సిమెంట్ క్షారం దాన్ని తింటూ హైడ్రోజన్ వదులుతుంది, క్యూబ్ ముఖం మీద చిన్న చిన్న రంధ్రాలు పడతాయి.

అచ్చు విడదీసి, పాత సిమెంట్ పొర మొత్తం గీకండి. మూలల్లో కాగితమంత పొర మిగిలినా రెండు ముక్కలూ కలిసేచోట సందు వస్తుంది. లోపలి ముఖాలకు విడుదల నూనె, చాలా పల్చగా. పూసి మళ్లీ గుడ్డతో తుడిచేస్తే మిగిలేదే సరిపోతుంది. ముక్కలు ఒకదానికొకటి, అడుగు పలకకు ఆనే అంచులకు మాత్రం గ్రీజు ధారాళంగా పట్టించండి. లోపలికి పొంగిన గ్రీజును వేలితో తీసేయాలి. ఈ తేడా ముఖ్యం. లోపల గ్రీజు ఎక్కువైతే క్యూబ్ అంచులు గుండ్రంగా వచ్చి, లోడ్ ఆనే చోటు తగ్గిపోతుంది. అతుకుల్లో తక్కువైతే రాత్రంతా నీళ్లు కారిపోతాయి. కారితే క్యూబ్‌లో నీళ్ల శాతం తగ్గి బలం అబద్ధంగా ఎక్కువ వస్తుంది. ఎక్కువ నెంబర్ చూసి సంతోషించేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పోసే పద్ధతి: ముందు అన్ని గదుల్లోనూ సగం వరకు, అంటే దాదాపు 25 మి.మీ. ఎత్తుకు పోయండి. 6 మి.మీ. మందం ఉన్న తుప్పు పట్టని కడ్డీతో ఒక్కో గదిలో 27 సార్లు కుమ్మండి. జార్‌లో మిగిలిన స్లర్రీని మళ్లీ కలపండి, ఈలోపు అడుగున దిగి ఉంటుంది. దాంతో పొంగేదాకా నింపి మళ్లీ 27 సార్లు. ఈ 27 సార్లు లెక్కపెట్టుకుంటూ చేయండి. పక్కన ఎవరైనా మాట్లాడిస్తే జవాబివ్వకండి. చదునైన పట్టీతో పైన గీసి సమం చేసి, పల్చగా గ్రీజు రాసిన మూత పలకను ఒక పక్కనుంచి మెల్లగా జార్చి పెట్టండి. నిట్టనిలువుగా దించితే కింద గాలి చిక్కుకుంటుంది.

2 అంగుళాల క్యూబ్‌కు 131 మి.లీ. కావాలి. 600 మి.లీ. బ్యాచ్‌తో వృథా పోను నాలుగు క్యూబులు వస్తాయి. ఒక ఫలితానికి కనీసం మూడు ఉండాలి కాబట్టి నాలుగోది అదృష్టం కొద్దీ మిగిలినట్టే.

క్యూరింగ్

కలపడం, కండిషనింగ్ చేస్తే అది కూడా, అయిన ఐదు నిమిషాల్లోపు అచ్చు నీటి తొట్టిలోకి వెళ్లాలి. తొట్టి అప్పటికే 38 లేదా 60 డిగ్రీలకు వేడెక్కి ఉండాలి. అచ్చు దించిన క్షణమే సున్నా గంట. తొట్టిలో నీళ్లు కదులుతూ ఉండాలి, లేకపోతే హీటర్ పక్క క్యూబ్‌కూ మూల క్యూబ్‌కూ వేడి తేడా వస్తుంది.

వేడి బావులకు ప్రెషర్ క్యూరింగ్ చాంబర్. మామూలుగా 3000 పీఎస్ఐ, ఉష్ణోగ్రత షెడ్యూల్ ప్రకారం పెరుగుతుంది. ఇక్కడే సిలికా ఎందుకో తెలుస్తుంది. 110 డిగ్రీలు దాటితే ఒట్టి సిమెంట్‌లోని బంధించే జెల్ మెల్లగా ఆల్ఫా డైకాల్షియం సిలికేట్ హైడ్రేట్‌గా మారుతుంది. అది కుదించుకుపోయి సిమెంట్‌ను గుల్ల చేస్తుంది. మొదటి రోజు బాగున్న బలం రోజులు గడిచేకొద్దీ పడిపోతుంది. 35 శాతం సిలికా ఉంటే దాని బదులు టోబెర్మోరైట్ అనే ఖనిజం తయారై బలం నిలుస్తుంది. కాబట్టి వేడి బావి డిజైన్‌కు 24 గంటల నెంబర్ ఒక్కటే చూసి సరేననకండి. ఇంకో జత క్యూబులు కనీసం వారం ఉంచండి.

చాంబర్ తెరిచే ముందు పరీక్ష సమయానికి గంటా 45 నిమిషాల ముందే హీటర్ ఆపి, ఒత్తిడి వదలకుండా సుమారు 77 డిగ్రీలకు లేదా అంతకన్నా కిందికి చల్లారనివ్వాలి. 100 డిగ్రీల పైన ఉండగా ఒత్తిడి వదిలితే నీళ్లు ఒక్కసారిగా ఆవిరైపోతాయి. మనిషికీ ప్రమాదం, క్యూబ్ లోపల కూడా పగుళ్లు పడతాయి. 45 నిమిషాల ముందు అచ్చులోంచి తీసి 27 డిగ్రీల నీళ్లలో 35 నిమిషాలు ఉంచాలి.

యూసీఏ సెల్

అల్ట్రాసోనిక్ సిమెంట్ ఎనలైజర్, అందరూ అనేది యూసీఏ, క్యూబ్ పగలగొట్టకుండా బలం చెబుతుంది. సెల్ పైనా కిందా ట్రాన్స్‌డ్యూసర్లు ఉంటాయి. ఒకటి ధ్వని తరంగం పంపుతుంది, రెండోది అందుకుంటుంది. సిమెంట్ గట్టిపడేకొద్దీ తరంగం వేగంగా దాటుతుంది. ఆ సమయం నుంచి ఒక సూత్రం ప్రకారం బలం లెక్క కడుతుంది. ఎప్పుడు 50 పీఎస్ఐ దాటింది, ఎప్పుడు 500 దాటింది, గ్రాఫ్ మీద నిమిషాలతో సహా కనిపిస్తుంది. మొదట్లో చెప్పిన "ఎన్ని గంటలు ఆగాలి" ప్రశ్నకు నేరుగా జవాబిచ్చేది ఇదే. కానీ సెల్ తయారీ చెడితే గ్రాఫ్ చక్కగా గీస్తూనే తప్పు చెబుతుంది.

ముందు సెల్ సిలిండర్, రెండు ప్లగ్గుల మరలు ఇత్తడి బ్రష్‌తో శుభ్రం చేయండి. మరల్లో సిమెంట్ ముక్క ఒకటి ఉన్నా, పానా వేసి బిగించినప్పుడు ఆ మరను తినేస్తుంది. తర్వాత ఆ ప్లగ్ విప్పడానికి ఒక పూట పడుతుంది. మరలకు ఎక్కువ వేడికి తట్టుకునే యాంటీ-సీజ్ పేస్ట్ రాయండి. ఓ-రింగ్ ప్రతిసారీ కొత్తదే. దాని పక్కన ఉండే లోహపు బ్యాకప్ రింగ్ వంగి ఉందేమో వెలుతురులో పెట్టి చూడండి. 3000 పీఎస్ఐలో పాత ఓ-రింగ్ రాత్రి రెండింటికి వదిలేస్తే మర్నాడు మళ్లీ మొదట్నుంచి.

సెల్ లోపలి గోడకు, ప్లగ్గుల స్లర్రీ వైపు ముఖాలకు పల్చని సిలికాన్ గ్రీజు. అడుగు ప్లగ్ బిగించండి, ఎంత బిగించాలో మీ మోడల్ మాన్యువల్ చెప్పినంతే. బలం చూపించుకోవడానికి ఇది చోటు కాదు. ఈ సీళ్లు లోపలి ఒత్తిడితోనే ఇంకా గట్టిగా పట్టుకుంటాయి.

స్లర్రీ పోయడానికి సెల్‌తోపాటు లెవల్ గేజ్ వస్తుంది. ఒక చివర స్లర్రీ మట్టం, ఇంకో చివర నీటి మట్టం. సుమారు 200 మి.లీ. దాకా పడుతుంది. సెల్‌ను కొంచెం వంచి గోడ వెంబడి మెల్లగా పోసి, కడ్డీతో కాసేపు కలిపి బుడగలు పైకి రానిచ్చి, గేజ్ కొన తగిలే మట్టం వరకు సరిచేయండి. దాని మీద నీళ్లు పోసేటప్పుడు కడ్డీ వెంబడి జారేలా పోయండి. ధారగా పోస్తే స్లర్రీ పై పొర గుంటపడి పల్చబడుతుంది, తరంగం దాటేది ఆ పొరలోంచే.

పై ప్లగ్ బిగించి, ఒత్తిడి లైను కలిపి, థర్మోకపుల్ దూర్చండి. దాని నట్టును మాత్రం వదులుగా ఉంచి మెల్లగా నీళ్లు పంపు చేయండి. ముందు బుస్సుమని గాలి వస్తుంది, తర్వాత నీళ్లూ బుడగలూ కలిసి, చివరికి ఒట్టి నీటి చుక్కలు. బుడగ లేని చుక్క కనిపించాకే బిగించాలి. లోపల గాలి మిగిలితే ఒత్తిడి నిలవదు, వేడెక్కేకొద్దీ మీటర్ ముల్లు ఊగుతూ ఉంటుంది. ఒత్తిడి లైనులో ఫిల్టర్ ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే ఒత్తిడి వదిలినప్పుడు స్లర్రీ సన్నటి గొట్టంలోకి పోయి రాయైపోతుంది.

ట్రాన్స్‌డ్యూసర్ ముఖానికి కప్లింగ్ గ్రీజు బఠాణీ గింజంత పెట్టి ఆనించండి. ఇక్కడ గాలి పొర ఉంటే సిగ్నల్ రాదు. మెషీన్ మీద అనుమానం ఉంటే స్లర్రీ బదులు ఒట్టి నీళ్లు పోసి చూడండి. గది ఉష్ణోగ్రతలో నీళ్లకు అంగుళానికి 17 మైక్రోసెకన్ల చుట్టూ రావాలి. రాకపోతే అప్పుడు మెషీన్‌ను తిట్టొచ్చు.

సాఫ్ట్‌వేర్‌లో స్లర్రీ రకం ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. 14 పీపీజీ కంటే తేలికైనవాటికి ఒక సూత్రం, బరువైనవాటికి ఇంకోటి. గత పరీక్షలో ఉన్నదే వదిలేసి స్టార్ట్ నొక్కేవాళ్లు చాలామంది. ఉష్ణోగ్రత షెడ్యూల్ విషయంలోనూ అంతే. పొడవైన కేసింగ్, లైనర్ (పై కేసింగ్ అడుగున వేలాడదీసే గొట్టం) అయితే అడుగున వేడి ఎక్కువ, పైన తక్కువ. అడుగు వేడికి సరిపడా రిటార్డర్ వేసిన స్లర్రీ పైన చల్లటి చోట ఎంతకీ గట్టిపడదు. లైనర్ పైభాగం ఉష్ణోగ్రత దగ్గర ఇంకో సెల్ పెట్టి చూడటం నా సలహా. పని ఆపేది తరచూ ఆ పై చివరే.

పగలగొట్టడం, పోల్చడం

నీళ్లలోంచి తీసిన క్యూబ్‌ను తుడిచి తూచండి. 1.90 స్లర్రీ క్యూబ్ 249 గ్రాముల చుట్టూ ఉండాలి. బాగా తేలిగ్గా ఉంటే గాలి చిక్కింది. ఎత్తు తగ్గి ఉంటే అచ్చు కారింది లేదా సిమెంట్ అడుక్కి దిగింది. ఇలాంటి క్యూబ్‌ను పక్కన పెట్టి, కారణం రాసుకోండి.

మెషీన్‌లో పెట్టేటప్పుడు అచ్చు గోడకు ఆనిన నునుపు ముఖాలు పైకీ కిందికీ రావాలి, పట్టీతో గీసిన ముఖం పక్కకు. పళ్లెం మీద పాత క్యూబ్ రవ్వలు ఊడ్చేయండి. బలం 3.5 మెగాపాస్కల్స్ పైన ఉంటుందనుకుంటే లోడు నిమిషానికి 71.7 కిలోన్యూటన్ల చొప్పున, అంతకంటే తక్కువైతే 17.9 చొప్పున పెంచాలి. క్యూబ్ ముఖం వైశాల్యం 2581 చదరపు మి.మీ. 40 కిలోన్యూటన్ల దగ్గర పగిలితే 15.5 మెగాపాస్కల్స్, అంటే దాదాపు 2250 పీఎస్ఐ.

యూసీఏ నెంబర్, క్యూబ్ నెంబర్ ఒకటే రావాలని పట్టుబట్టకండి. యూసీఏది అంచనా, తరంగ సమయం నుంచి లెక్కగట్టినది. లేటెక్స్, బరువైన లేదా బాగా తేలికైన పదార్థాలున్న స్లర్రీల్లో తేడా ఎక్కువ ఉంటుంది. అలాంటి డిజైన్‌కు రెండూ చేసి, క్యూబ్ నెంబర్లతో సొంత సూత్రం సరిచేసుకోవాలి. మూడు క్యూబుల్లో ఒకటి మిగతా రెంటికీ దూరంగా ఉంటే సగటు తీసి సర్దేయకుండా ముందు పగిలిన ముక్కలు చూడండి. గాలి గుంట, మూల విరుపు, అడుగున చిక్కటి పొర, ఏదో ఒకటి కనిపిస్తుంది.

కడగడం

యూసీఏ సెల్‌ను చల్లార్చి, ఒత్తిడి సున్నా అయిందని గేజ్ మీద చూసి, ఆ తర్వాత థర్మోకపుల్ నట్టు వదులు చేసి చూడండి. నీళ్లు చిమ్మకపోతేనే ప్లగ్ జోలికి వెళ్లాలి. లోపలి సిమెంట్ దిమ్మను ప్రెస్‌తో నెట్టాలి. సుత్తీ ఉలీ వేస్తే గోడ మీద గీతలు పడి వచ్చే పరీక్షలో ఓ-రింగ్ కారుతుంది. బ్లెండర్ జార్, మడ్ బాలెన్స్ వాల్వ్, కన్సిస్టోమీటర్ కప్పు స్లర్రీ పోసిన వెంటనే కడిగేసి ఉండాలి. ఈపాటికి కడగకపోతే అవి కూడా క్యూబులే. కడిగిన నీళ్లు సింకులో పోయకుండా బకెట్‌లో పోసి, అడుగున దిగిన సిమెంట్‌ను గట్టిపడ్డాక వేరే పారేయండి. లేదంటే డ్రైనేజీ పైపుకు కూడా బలం పరీక్ష చేయాల్సి వస్తుంది.

మిగిలిన సిమెంట్, బ్లెండ్, రిగ్ నీళ్ల శాంపిల్ సీలు వేసి, బావిలో ఆ సిమెంటింగ్ పూర్తయి లాగ్ రిపోర్టు (సిమెంట్ ఎలా పట్టిందో బావిలో కొలిచిన రిపోర్టు) వచ్చేదాకా ఉంచండి. రికార్డులో డెన్సిటీ, సిమెంట్ పోయడానికి పట్టిన సెకన్లు, కండిషనింగ్ నిమిషాలు, అచ్చు తొట్టిలో దించిన గడియారం సమయం, ఒక్కో క్యూబ్ బరువు, బ్లేడ్ బరువు రాసిపెట్టండి.